‘కారణంగా’ నుంచి ‘తెలిసి’ దాకా

ఎమ్మిగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకామె తన ఫిర్యాదు నకలు నా చేతికిచ్చి చదివి వినిపించమంది. కూలి డబ్బులు అడిగినందుకు రైతు ఆమెను కొట్టాడు. కాగితంలో మాత్రం కులం పేరుతో తిట్టి కొట్టినట్టుంది. సగంలోనే ఆమె అడ్డుపడింది. “అట్ల తిట్లేదు మేడమ్. తిట్టే పని యాడుంది? మా కులం ఆయప్పకు తెలీదా? వాకిట్లోకి రాకుండా బయట్నే నిలబడి కూలికి పిలుస్తాండె కదా!” ఆ మాట లేకపోతే కేసు నిలబడదని రాసిపెట్టినాయన చెప్పాడట.

స్త్రీల కథల్లో హింస మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. ఫిర్యాదు కూడా ఒక రచనేననీ, దానికీ ప్రక్రియా నియమాలుంటాయనీ ఆ రోజే తట్టింది. ఆమె చెప్పిన నిజంలో కులం తలుపు బయట నిలబడిన ఒక మనిషిగా ఉంది. కాగితంలో ఒక తిట్టుగా ఉంది. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ తిట్టు దగ్గర ఆమె తడబడితే దెబ్బలు కూడా అబద్ధమైపోతాయి.

ఈ ఇబ్బంది అంతా తెలిసేలా చదవాల్సిన పాఠం మన కర్నూలు జిల్లా కేసులోనే ఉంది. 2011లో పుట్టుకతో చూపులేని ఒక దళిత యువతి మీద ఇంట్లోనే అత్యాచారం జరిగింది. ఆ సమయానికి తల్లి దగ్గరలోని కుళాయి దగ్గరుంది. నిందితుడు కొత్తవాడు కాదు, ఆమె అన్నదమ్ములకు తెలిసినవాడు. కర్నూలు ప్రత్యేక కోర్టు 2013లో అత్యాచార నేరంతో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందా శిక్ష వేసింది. 2019లో హైకోర్టు దాన్ని ఖరారు చేసింది.

2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ఇచ్చిన తీర్పు మన విశ్వవిద్యాలయాల్లో పాఠంగా పెట్టదగ్గది. కింబర్లీ క్రెన్‌షాను ప్రస్తావిస్తూ, కులమూ స్త్రీత్వమూ వైకల్యమూ ఒకే బతుకులో పెనవేసుకుని ఉంటాయని అది వివరిస్తుంది. చూపులేని మనిషి గొంతును బట్టి గుర్తుపట్టడం తక్కువరకం సాక్ష్యం కాదంటుంది. యావజ్జీవ శిక్షను నిలబెడుతుంది. చివరికొచ్చేసరికి కులం చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేస్తుంది. బాధితురాలు దళితురాలు కావడం ‘కారణంగా’ నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదంటుంది. పెనవేసుకుని ఉన్నాయని చెప్పిన పోగుల్లోంచి ఒకటి లాగి పక్కన పెట్టినట్టయింది.

ఇది న్యాయమూర్తుల మనసుకు సంబంధించిన లోపమని నేననను. నేరం నాటి చట్టంలో ఉన్న మాట అది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ సెక్షన్‌లో ‘కారణంగా’ తీసేసి ‘తెలిసి’ అని పెట్టింది. బాధితులతోనో వాళ్ల కుటుంబంతోనో నిందితుడికి పరిచయముంటే, కులం తెలుసుననే కోర్టు భావించాలని 8వ సెక్షన్‌లో చేర్చింది. ఎమ్మిగనూరామె “తెలీదా?” అని అడిగిన ప్రశ్నే చట్టంలోకి ఎక్కింది.

2017లో కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను చంపినవాడు, మా దేశం నుంచి పొమ్మని అరిచాడు. అక్కడి చట్టానికి ద్వేషం రుజువు కావడంలో ఆ అరుపు సాయపడింది. 2018లో యావజ్జీవం పడింది. మా ఊళ్లలో ఎవరూ అరవనక్కర్లేదు. ఎవరు ఎక్కడ నిలబడాలో అందరికీ ముందే తెలుసు.

కోర్టును విమర్శించడం సులువే. నా సిద్ధాంత గ్రంథంలో ‘లైంగిక హింస’ ఒక అధ్యాయం, ‘కులం’ మరో అధ్యాయం. దళిత స్త్రీ మీద అత్యాచారం జరిగిన కథలన్నీ మొదటిదాంట్లో వేశాను. సంపుటాలూ అలాగే పంచుకున్నాం. ‘నీలిమేఘాలు’ వచ్చిన చాలా ఏళ్లకు గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తేవాల్సి రావడంలోనే మనకు జవాబుంది. నేను నేతపని ఇంటి పిల్లని. మా వాకిట్లోనూ బయట నిలబడిన వాళ్లున్నారు. ఆ సంగతి నా గ్రంథంలో ఎక్కడా లేదు. 1985లో కారంచేడులో బిందె ఎత్తిన సువార్త మనకు ప్రతీక అయింది. ప్రతీకను ఎవరూ క్రాస్ ఎగ్జామిన్ చెయ్యరు. సాక్షిని చేస్తారు, ఏళ్ల తరబడి.

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అన్నేళ్లు సాక్షులను నిలబెట్టింది చట్టం ఒక్కటే కాదు, వాళ్ల వెనక నిలిచిన ఉద్యమం. 2016 సవరణలోని 15ఎ సెక్షన్ బాధితులకూ సాక్షులకూ రక్షణ, ప్రయాణ ఖర్చులు, బెయిలు విచారణలో తమ మాట చెప్పుకునే హక్కు ఇచ్చింది. కానీ పశ్చిమ కర్నూలులో సాక్షి అంటే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయే మనిషి. సమన్లు వచ్చేనాటికి ఇంటికి తాళం ఉంటుంది. ఆదోని నుంచి కర్నూలు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఆ రోజు ఆమె పక్కన బస్సులో కూర్చునే మనిషి కూడా సాక్ష్యానికి బలమే.

ఈ చట్టం కింద దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. ఆయనకు ఇవ్వడానికి ఆమె వాంగ్మూలం మళ్లీ రాశాం. నేను రాశాను, ఆమె చెప్పింది. ఈసారి తిట్టు లేదు. వాకిట్లోకి రాకుండా బయట నిలబడి పిలిచేవాడన్నది మొదటి వాక్యం. చదివి వినిపిస్తే, “ఇది నా మాట” అంది. నా గ్రంథంలోని ఆ రెండు అధ్యాయాలూ ఇంకా అలాగే ఉన్నాయి. ఇక రాయాల్సింది వాటినే.