తరుగు లెక్క

రచయిత్రులకు వచ్చే ఉత్తరాలు రెండు రకాలు. "మీ సీరియల్ చదువుతూ పప్పు మాడబెట్టాను" అనేవి ఒక రకం. అవి దాచుకుంటాం. "మీ హీరో మూడో వారంలో ఎడమచేతి వాటం, తొమ్మిదో వారంలో కుడిచేత్తో సంతకం చేశాడేమిటండీ?" అనేవి రెండో రకం. అవీ దాచుకుంటాం కానీ ఎవరికీ చూపించం. మంగళగిరి నుంచి నాకొచ్చిన ఉత్తరం ఈ రెండింటిలోకీ చేరదు.

"అమ్మా, మీ నవల పదకొండో అధ్యాయంలో ఒక ముసలావిడ వెండి గిన్నె ఇస్తే, కంసాలి దాన్ని కరిగిస్తూ గురిగింజెత్తు వెండి గోటిసందులో దాచుకున్నాడని రాశారు. కరిగిన వెండి గోటిసందులో ఎట్లా పడుతుందని మావారిని అడిగాను. ఆయన నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మీరెప్పుడైనా కుంపటి ముందు కూర్చున్నారా? ఇటు వస్తే మా ఇంటికి రండి."

అంతే ఉత్తరం. కోపంగా రాసి ఉంటే నేనూ కోపం తెచ్చుకుని సుఖంగా ఉండేదాన్ని. ఇంటికి రమ్మంటే ఏం చెయ్యను?

నిజం చెప్పొద్దూ, కుంపటి ముందు కూర్చున్నాను. ఎనిమిదేళ్ళప్పుడు! మా అమ్మమ్మ ఏ నగ చెరిపించినా నన్ను కాపలా పంపేది. "కళ్ళార్పకుండా చూడవే" అనేది. మీలో చాలామంది ఈ ఉద్యోగం చేసే ఉంటారు. మధ్యాహ్నమంతా ఆ అరుగు మీద కూర్చుని కళ్ళు మండేదాకా చూశాను. ఏం చూశాను? వెండిని చూశాను. ఆ చేతులు ఏం చేస్తున్నాయో ఒక్కసారీ చూడలేదు. పెద్దయ్యాక బి.ఏ. చదివి, నవలలు రాసి, ఆ కాపలా చూపుతోనే ఒక మనిషిని సృష్టించి పదకొండో అధ్యాయంలో కూర్చోబెట్టాను.

ఆ ఉత్తరం వచ్చేనాటికి నేను వెండి పని "నేర్చుకున్న" దాన్ని కూడానండోయ్! రెండేళ్ళ కిందట మా అమ్మాయితో బాలీ ద్వీపం వెళ్ళాను. అక్కడ ఉబుద్ దగ్గర చెలూక్ అని ఒక ఊరుంది. ఊరు ఊరంతా వెండి పనే. యాత్రికులు మూడు గంటలు కూర్చుని తమ ఉంగరం తామే చేసుకోవచ్చు. మేమిద్దరం కూర్చున్నాం. చల్లటి పానీయం ఇచ్చారు. సిద్ధంగా ఉన్న తీగ ఇచ్చారు. కోలకి చుట్టి సుత్తితో కొట్టమన్నారు, కొట్టాం. అతకాల్సిన చోటు వచ్చేసరికి గురువుగారు చిరునవ్వుతో నా చేతిలోంచి తీసుకుని, అటు తిరిగి, ఇటు తిరిగేలోగా అతికి ఇచ్చేశారు. మెరుగు పెట్టడం యంత్రం పని. ఉంగరం వేలికి పెట్టుకుని ఫొటో దిగాం. ఇంటికొచ్చి అందరికీ "నేనే చేశాను" అని చెప్పాను కూడా. పాపం, వాళ్ళ తప్పేం లేదు. సెలవుల్లో వచ్చినవాళ్ళని ఏడిపించి పంపిస్తారా? కానీ ఆ క్లాసు నాకు నేర్పింది వెండి పని చాలా తేలిక అన్న ఒక్క అబద్ధమే. కష్టమంతా తీసేసి మిగిలినదాన్ని చేతికిచ్చారు. ఆలోచిస్తే మేం నవలల్లో చేతిపనివాళ్ళ గురించి రాసేదీ అట్లాగే ఉంటుంది.

మంగళగిరి అనగానే మనకి చీర గుర్తొస్తుంది, నిజాం అంచు గుర్తొస్తుంది. కొండమీద పానకాల నరసింహస్వామి, దిగువన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807, 1809 మధ్య కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం గుర్తొస్తాయి. అక్కడ స్వర్ణకారుల కుటుంబాలు బోలెడున్నాయని విజయవాడలో కాపురమున్న నాకే సరిగ్గా తెలియదు. ముందు కొండెక్కి పానకం పోయించాను. పోసిన బిందెలో సగం స్వామి తాగి, సగం మనకే వదిలేస్తాడని కదా నమ్మకం. దిగుతుంటే చటుక్కున తోచింది: సగానికి సగం పుచ్చుకున్న స్వామికి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాం, గురిగింజెత్తు తరుగు పోయిందన్న కంసాలిమీద మాత్రం సామెతలు కట్టాం!

ఉత్తరం రాసినావిడ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "వస్తారనుకున్నాను" అంది. ఆవిణ్ణి పిన్నిగారూ అన్నాను. ఆచారిగారికి డెబ్భై ఏళ్ళుంటాయి. "నేర్చుకుంటానండీ" అంటే, "నేర్చుకోడానికి పదేళ్ళు కావాలమ్మా. చూడ్డానికయితే రెండు రోజులు కూర్చోండి" అన్నారు.

నా పాత మట్టెలు, ఒక తెగిన గొలుసు ముక్క ఇచ్చాను. తూచి, కాగితం మీద రాసి నా చేతిలో పెట్టారు. పన్నెండు గ్రాములు. చిన్న చుట్టుమట్టెల జత చెయ్యాలని నా ఆశ.

వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుందని పుస్తకంలో చదివి వెళ్ళాను. ఆయనకి ఆ అంకెతో పని లేదు. మూసలో వెలిగారం చల్లి, వెండి తేరుకుని అద్దంలా నిలిచిన క్షణాన్ని కంటితోనే పట్టుకుంటారు. "ఇదిగో, ఇప్పుడు గాలి పీలుస్తోంది. మంచి వెండి అయితే చల్లారేటప్పుడు ఆ గాలి వదుల్తూ తుంపర చిమ్ముతుంది" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే ఆ మాట అక్షరాలా శాస్త్రమే. కరిగిన వెండి తన పరిమాణానికి ఎన్నో రెట్లు ప్రాణవాయువుని పీల్చుకుని, గడ్డకట్టేటప్పుడు కక్కేస్తుంది. నా నవల్లో వెండి "పాలలా కరిగింది". ఎక్కడైనా కరిగిందా అట్లా? ఎవరో రాస్తే చదివి రాశాను.

కడ్డీ పోశాక దాగలి మీద పెట్టి కొట్టమన్నారు. పది దెబ్బలు బాగానే పడ్డాయి. "విన్నారా?" అన్నారు.

"ఏం వినాలండీ?"

"మోత మారింది. వెండి బిగుసుకుంది. కాల్చి చల్లార్చాలి. ఇక కొట్టొద్దు."

నాకేం మారినట్టు లేదు. వినపడలేదని ఒప్పుకోవడం నామోషీ అనిపించి ఇంకో రెండు దెబ్బలు వేశాను. కడ్డీ నిలువునా చీలింది. ఆయన ఏమీ అనకుండా పట్టకారుతో తీసి మళ్ళీ మూసలో పడేశారు. పిన్నిగారు వంటింటి గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత కమ్మచ్చు. ఉక్కు పలకకి వరసగా కన్నాలుంటాయి, ఒకదానికంటే ఒకటి సన్నం. కడ్డీ కొస సన్నగా రాకి, కన్నంలో దూర్చి, అవతలినుంచి పట్టకారుతో లాగాలి. సాఫీగా, ఒక్క ఊపులో, మధ్యలో ఆగకుండా. నా తీగ మూడో కన్నంలో తెగింది. ఆయన నోటితో ఏదో కూనిరాగం తీస్తూ ఏడు కన్నాలు దాటించారు.

అసలు పరీక్ష అతుకు. అన్ని లోహాల్లోకీ వేడిని తొందరగా పాకించేది వెండేనట. ఒక మూల మంట తగిలిస్తే చుట్టంతా పంచేసుకుంటుంది. అందుకని అతుకు దగ్గర మాత్రమే కాల్చితే టంకం కరగదు. చుట్టు మొత్తం ఒకే ఎరుపుకి రావాలి, వచ్చిన మరుక్షణం మంట తప్పుకోవాలి. టంకం కరగడానికీ, మట్టె కరగడానికీ మధ్య ఉన్న వ్యవధి రెప్పపాటు. నేను కరగలేదు, కరగలేదనుకుంటూ మంట దగ్గరికి తెచ్చాను. మట్టె ఒక్కసారి వణికి, ముడుచుకుని, గుండ్రటి పూస అయిపోయింది. నా వయసు మర్చిపోయి ఏడుపొచ్చింది. చెలూక్‌లో గురువుగారు చిరునవ్వుతో దాచిపెట్టిన రెప్పపాటు ఇదే!

ఆ రాత్రి హోటల్లో కూర్చుని నా పదకొండో అధ్యాయం మళ్ళీ చదివాను. మొత్తం ఆరు పేజీలు. ఆ కంసాలికి చూపులున్నాయి, వంకర నవ్వుంది, గోళ్ళున్నాయి. పని లేదు! ఆరు పేజీల్లో ఒక్క దెబ్బ కొట్టలేదు. సరే, ఈ పాపం నా ఒక్కదానిదేనా అంటే, అటువైపు ఇంకొక రకం రాతలున్నాయి. కరీంనగర్ వెండి తీగపని గురించి నేనే ఒకసారి వ్యాసం రాశాను. భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న పని అది. "సాలెగూడు వంటి అపురూప కళ, సున్నితమైన నగిషీ" అని మూడు పేజీలు నింపాను. రెండు సన్నటి తీగలు పురిపెట్టి, చదును చేసి, చుట్టలు చుట్టి చట్రంలో నింపాక, టంకం పొడి చల్లి ఒకేసారి కాలుస్తారని కూడా అందులో రాశాను. కానీ ఆ కాల్చే క్షణంలో వారం రోజుల పని గుప్పెడు పూసలైపోగలదన్న భయం ఆ మూడు పేజీల్లో ఎక్కడా లేదు. నాకు తెలిస్తే కదా! "అపురూపం" అన్న మాట చాలా సౌకర్యమైనది. అది రాసేస్తే దగ్గరికెళ్ళి చూడక్కర్లేదు. "దొంగ" అన్న మాటకీ అదే సౌకర్యం ఉంది.

రెండో రోజు ఆచారిగారు తన చిన్నతనం చెప్పారు. 1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చింది. పద్నాలుగు క్యారెట్లకు మించిన కొత్త నగ చెయ్యకూడదన్నారు. మన ఇళ్ళల్లో పద్నాలుగు క్యారెట్ల పుస్తెలు ఎవరు చేయించుకుంటారు? దేశమంతటా లక్షల కుంపట్లు ఆరిపోయాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. తర్వాత కొంత సడలించినా, 1968లో చట్టం చేశారు, 1990లో గానీ రద్దు కాలేదు. అప్పుడు వాళ్ళ నాన్నగారు కొన్నాళ్ళు వెండి మొలతాళ్ళతో నెట్టుకొచ్చి, అదీ సాగక బడ్డీకొట్టు పెట్టారట. "కొట్లో త్రాసు పెట్టినా మానాన్న చెయ్యి వణికేది కాదమ్మా. బెల్లం కూడా బంగారంలాగే తూచేవాడు" అని నవ్వారు. నేను చదివిన నవలల్లో కంసాళ్ళు చాలామందే ఉన్నారు కానీ, ఈ దెబ్బ తిన్నవాడు ఒక్కడూ తారసపడలేదు.

తరుగు సంగతి కూడా ఆయన్నే అడిగాను, మొహమాటం చంపుకుని. దాచేవాళ్ళు లేరా అని. "లేకేం? అన్ని పనుల్లోనూ ఉన్నారు" అన్నారు. నాకా జవాబు నచ్చింది. వాళ్ళవాళ్ళందరూ సత్యహరిశ్చంద్రులని ఆయన అనలేదు. ఆ మాటకొస్తే ఇప్పుడు మనం అద్దాల షోరూముకెళ్ళి, అచ్చుల్లో గుద్దిన పట్టీలు కొని, బిల్లుమీద అచ్చేసిన తరుగు శాతం కట్టి, ఇచ్చిన కూల్‌డ్రింకు తాగి వచ్చేస్తున్నాం. అక్కడ కళ్ళార్పకుండా కూర్చోడానికి మనవరాళ్ళని పంపించడం లేదు. ఎదురుగా కూర్చుని, మన కళ్ళముందే రాకి కొట్టినవాడి దగ్గర మాత్రం మజూరీలో యాభై తగ్గించమంటాం.

యంత్రం మీద నాకు పగ లేదు. మొన్న బజారులో చూసిన పట్టీల్లో కొన్ని నిజంగా ముచ్చటగా ఉన్నాయి. కాకపోతే ఇదివరకు మువ్వలు చూసేదాన్ని, ఇప్పుడు వాటిని తిప్పి అతుకులు చూస్తున్నాను. చేత్తో చేసిన మట్టె లోపలివైపు వేలుపెట్టి తడిమితే ఆకురాయి నడిచిన దారి తెలుస్తుంది. అతుకు బాగా కుదిరితే కంటికి కనపడదు, వెలుగు వాలుగా పడితే మాత్రం వెంట్రుకంత గీత. మా అమ్మ మట్టెలకి ఆ గీత ఉంది. ముప్ఫై ఏళ్ళు చూశాను ఆ మట్టెల్ని. మొన్ననే కనపడింది.

రెండో రోజు సాయంత్రానికి నాకొక మట్టె తయారయింది. జత కాదు, ఒక్కటే. కోడిగుడ్డు ఆకారంలో ఉంది. చింతపండు నీళ్ళలో ఉడికించి, కుంకుడురసంతో తోమితే తెల్లగా తేలింది. ఆచారిగారు త్రాసు తీశారు. మట్టె, కరిగిపోయిన పూస, తీగ ముక్కలు అన్నీ కలిపి పదకొండు గ్రాముల వంద మిల్లీగ్రాములు. ఆకురాయి పొడి చాపమీద పరిచిన గుడ్డలోంచి దులిపి, పొట్లం కట్టి అదీ తూచారు. అర గ్రాము. ఇంకా నాలుగు వందల మిల్లీగ్రాములు లేవు.

గురిగింజ బరువు సుమారు నూట ఇరవై మిల్లీగ్రాములు. నా పాత్ర ఆరు పేజీల దుర్మార్గంతో ఒక్క గురిగింజెత్తు కాజేశాడు. నేను ఏ దురుద్దేశమూ లేకుండా మూడు గురిగింజలకి పైగా మాయం చేశాను!

"ఎక్కడికెళ్ళిందండీ?" అన్నాను.

మూస అడుగున గాజులా అంటుకున్న వెలిగారం చూపించారు. అందులో కొంత. నల్లగా రాలిన పొరలో కొంత. చాప సందుల్లో కొంత. అంతలో పిన్నిగారు కాఫీ పట్టుకొచ్చి నా చేతిలో పెట్టబోయి ఆగింది. నా వేళ్ళకేసి చూసింది. రెండు రోజులు ఆకురాయి పట్టిన చేతులు. పది గోళ్ళ సందుల్లోనూ తెల్లటి పొడి మిలమిలలాడుతోంది.

ఈసారి ఆవిడకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది, ఆవిడ నవ్వాక.

బస్సెక్కే ముందు చెప్పాను, రెండో ముద్రణలో ఆ అధ్యాయం తిరగరాస్తానని. ఆవిడ కాసేపు ఆలోచించి, "అచ్చయింది ఎట్లాగూ నలుగురి ఇళ్ళల్లోకీ వెళ్ళిపోయింది కదమ్మా. చెరిపితే మాత్రం వెనక్కి వస్తుందా? ఇంకొకటి రాయండి. అందులో మావారిచేత కాస్త పని చేయించండి" అంది.

ఆచారిగారిచ్చిన అర గ్రాము పొట్లం నా బల్ల సొరుగులో ఉంది. నిన్న మావారు చూసి విభూతి అనుకుని నుదుటికి రాసుకున్నారు. ఎంత పోయిందో తూచడానికి ఇంట్లో త్రాసు లేదు.