ఎత్తబడటమా, ఎదుర్కోలా? రెండవ రాకడ బోధల మీద ఒక విమర్శ

మాలో కొందరం ఆ పటం కింద కూర్చుని పెరిగినవాళ్ళం. ఉజ్జీవ కూటాలప్పుడు వాడ మధ్యలో పందిరేసి, ట్యూబులైట్లు కట్టి, వేదిక వెనక ఒక గుడ్డ పటం వేలాడదీసేవాళ్ళు. ఎడమ చివర సృష్టి, మధ్యలో సిలువ, ఆ పక్కన సంఘకాలం, అక్కణ్ణించి మేఘాల్లోకి ఒక బాణం గుర్తు. బాణం కింద ఏడేండ్ల మహాశ్రమలు, ఆపైన వెయ్యేళ్ళ పరిపాలన, కుడి చివర అగ్నిగుండం. బడిలో పంతులు దేశపటం చూపించినట్టు ప్రసంగీకుడు కర్ర పట్టుకుని చూపించేవాడు. మనం ఇప్పుడు బాణం మొదట్లో ఉన్నాం, ఈ రాత్రే కావచ్చు అనేవాడు. మర్నాడు బడి నించి ఇంటికొచ్చి తలుపుకి గొళ్ళెం చూస్తే, అమ్మ కూలికి పోయిందన్న సంగతే తోచేది కాదు. అమ్మ ఎత్తబడింది, మేం మిగిలిపోయాం అని ఏడ్చేవాళ్ళం. పొద్దుగూకి అమ్మ బురద కాళ్ళతో వచ్చేదాకా ఆ భయం తీరేది కాదు.

ఆ భయాన్ని ఎగతాళి చెయ్యడానికి ఈ వ్యాసం రాయటం లేదు. ఆ పనికి చాలామందే ఉన్నారు. అభ్యుదయవాదులకి ఇదంతా మత్తుమందు. వేదాంత కళాశాలల్లో చదివినవాళ్ళకి చదువురానివాళ్ళ మూఢభక్తి. వీళ్ళు వాడ పందిరి కిందికొచ్చి కూర్చున్నది తక్కువ. మేం అడుగుతున్నది వేరు. అంత్యకాలం గురించి క్రైస్తవులందరికీ ఒకే నమ్మకం లేదు, ఏనాడూ లేదు. ఉన్నవాటిలో మన వాడకి చేరింది ఏది? అది ఎక్కడ పుట్టింది? మనల్ని ఏం చేస్తోంది?

ఒక గ్రంథం, నాలుగు లెక్కలు

ప్రకటన గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో వెయ్యేళ్ళ మాట వస్తుంది. తగాదా చాలావరకు దాని చుట్టూనే. రెండో శతాబ్దంలో జస్టిన్, ఐరేనియస్ వంటివాళ్ళు క్రీస్తు తిరిగొచ్చి ఈ నేల మీదే ఏలతాడని నమ్మారు. అయితే సంఘం ముందే తప్పించుకుపోతుందని వాళ్ళు చెప్పలేదు. రోము రాజ్యం కింద హింసలు పడినవాళ్ళు వాళ్ళు. జస్టిన్ ఆ హింసలోనే తల పోగొట్టుకున్నాడు. శ్రమల్లోంచి నడిచే రాజ్యానికి చేరతామని వాళ్ళ నమ్మకం.

ఐదో శతాబ్దంలో అగస్టీను ఆ వెయ్యేళ్ళని లెక్కగా కాక గుర్తుగా తీసుకున్నాడు. క్రీస్తు మొదటి రాకడకీ రెండో రాకడకీ మధ్య సంఘం నడిచే కాలమే అది అన్నాడు. కాథలిక్కులు, లూథరన్లు, ఆంగ్లికన్లు ఎక్కువగా ఆ దారినే పోయారు. మూడోది, సువార్తవల్ల, దాంతోపాటు చదువు, సంస్కరణలవల్ల లోకం మెల్లగా బాగుపడి, ఆ తర్వాత క్రీస్తు వస్తాడనేది. పందొమ్మిదో శతాబ్దపు మిషనరీ ఉత్సాహంలో దానికి పెద్ద చోటుంది. మొదటి ప్రపంచ యుద్ధం దాని నడుం విరిచింది.

నాలుగోది మన గుడ్డ పటం. వయసులో అన్నిటికన్నా చిన్నది. 1830లలో ఐర్లండు, ఇంగ్లండుల్లో బ్రదరన్ ఉద్యమంలో జె.ఎన్. డార్బీ దానికి రూపమిచ్చాడు. రాకడని రెండు చేశాడు. మొదట క్రీస్తు మధ్యాకాశానికి వచ్చి సంఘాన్ని ఎత్తుకుపోతాడు. తర్వాత భూమ్మీద శ్రమలు. అవి తీరాక బహిరంగంగా దిగొస్తాడు. ఇది ఆ బ్రదరన్లందరికీ కూడా ఒప్పుదల కాలేదు. వాళ్ళలోనే బి.డబ్ల్యు. న్యూటన్ సంఘం శ్రమలగుండా పోవాల్సిందేనని వాదించాడు. శ్రమల నడిమధ్యలో ఎత్తబడతామనేవాళ్ళు ఇంకొందరు. 1909లో అమెరికాలో సి.ఐ. స్కోఫీల్డ్ తన వివరణలని వాక్యం ఉన్న పేజీలోనే, వాక్యం కిందే అచ్చేయించాడు. దాంతో ఏది వాక్యమో ఏది స్కోఫీల్డో చాలామందికి తేడా తెలియకుండా పోయింది. 1970లో హాల్ లిండ్సే పుస్తకం, 1995లో మొదలైన 'లెఫ్ట్ బిహైండ్' నవలలు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి.

తెలుగునేలతో దీనికి పాత చుట్టరికమే ఉంది. 1836లో గోదావరి డెల్టాకి వచ్చిన బౌడెన్, బీర్ ఆ బ్రదరన్ ఉద్యమంలోంచి వచ్చినవాళ్ళే. ఇరవయ్యో శతాబ్దంలో పెంతెకొస్తు సంఘాలు వాడల్లోకి వచ్చాయి. 1938లో ఎం. దేవదాసు అయ్యగారు మొదలుపెట్టిన బైబిల్ మిషన్‌లో రాకడకి సిద్ధపడే పెండ్లికుమార్తె అనే భావానికి పెద్ద స్థానముంది. వీళ్ళందరిదీ ఒకే బోధ అని మేం అనటం లేదు. కానీ ఏ సంఘం వాడయినా, రాకడ అనగానే మనవాళ్ళ మనసులో లేచేది ఎక్కువగా ఆ మేఘాల్లోకి పోయే బాణమే.

శ్రమలు ఎవరికి, ఎప్పుడు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. శ్రమలు రాబోతున్నాయి, మనం ముందే వెళ్ళిపోతాం అని చెప్పాలంటే, చెప్పేవాడికి ఇప్పుడు శ్రమలు లేకపోవాలి. తిండికీ బట్టకీ లోటులేని ఇంట్లో కూర్చున్నవాడికే మహాశ్రమ అనేది పటంలో ముందు కనపడే గడి అవుతుంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగాదా అది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఈ రెండు వాడల్నీ పటంలో ఏ గడిలో పెట్టాలి? బాణానికి ఇవతలా, అవతలా?

క్రూరమృగం ముద్ర సంగతీ అంతే. ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు అన్నది ప్రకటన గ్రంథం. ప్రసంగీకులు దాన్ని కంప్యూటర్లలో, కార్డుల్లో వెతుకుతారు. పుట్టుకతోనే నొసట కొట్టిన ముద్ర ఒకటి ఈ దేశంలో ఎప్పట్నించో ఉంది. ఎవడు భూమి కొనాలో, ఎవడు ఏ బావిలో చేదాలో, ఎవడు ఏ శవాన్ని మొయ్యాలో ఆ ముద్రే చెప్పింది. చర్చికి వెళ్ళినా అది చెరగలేదు. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా క్రైస్తవుడైన మాలకీ మాదిగకీ ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సవరించినవాళ్ళు మనదాకా రాలేదు. అందుకే మన ఇళ్ళల్లో చాలామందికి రెండు పేర్లు. కాగితం మీద ఒకటి, చర్చిలో ఒకటి. ముద్ర మనకి రేపటి సంగతి కాదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ మతం మారిన అంటరానివాళ్ళ స్థితి మీద రాస్తూ ఒక మాట పట్టుకున్నాడు. తన పతనానికి కారణం చుట్టూ ఉన్న సమాజం కాదు, తన పాపమేనని మతం మారినవాడికి నేర్పారని, దాంతో ఆ సమాజంతో పోట్లాడే పట్టుదల అతనిలో లేకుండా పోయిందని ఆయన విమర్శ. ఎత్తబడే బోధ దానికి రెండో సగం. మొదటి సగం తప్పు నీలోనే ఉందంటుంది. రెండో సగం ఈ నేల నీది కాదంటుంది. నేల మనది కాదని ఆసామి ఎప్పట్నించో చెప్తున్నాడు. అదే మాట వేదిక మీంచి కూడా వినాలా?

ఇందులో మనవాళ్ళు తీసుకున్న బలం లేదా?

ఉంది. అది ఒప్పుకోకపోతే మా విమర్శ కూడా పైనించి దిగొచ్చిన విమర్శే అవుతుంది. ఎత్తబడేవాళ్ళ లెక్కలో కులం లేదు. పొలం దస్తావేజు అడగరు. కూలిమనిషి మేఘాల్లో ఉంటుంది, ఆసామి గట్టు మీద మిగిలిపోతాడు. లోకం తలకిందులయ్యే ఆ బొమ్మలో మనవాళ్ళకి దొరికిన సంతోషం అబద్ధం కాదు. ఉపవాస కూటాల్లో ఆడవాళ్ళు లేచి నిలబడి ప్రార్థన నడిపించటం, సాక్ష్యం చెప్పటం కూడా ఈ సంఘాల్లోనే ఎక్కువ చూశాం.

అటుపక్క పాత మిషను చర్చిల వెయ్యేళ్ళ వివరణ మనకేం చేసిందో కూడా అడగాలి. 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన పదిహేడో అధికరణం, పునరుత్థానానికి ముందే భక్తులు ఈ లోకరాజ్యాన్ని చేపడతారనే బోధని ఖండించింది. అప్పటికి అయిదేళ్ళ కిందటే, 1525లో, జర్మనీ రైతులు తిరగబడ్డారు. అంత్యకాలం వచ్చిందని వాళ్ళతో నడిచిన థామస్ మ్యున్ట్సర్ తల నరికారు. అంటే వెయ్యేళ్ళ రాజ్యం అన్నది ఎప్పుడూ జోకొట్టే పాటే కాదు. దొరలకి నిద్ర పట్టనియ్యని మాట కూడా అయ్యింది. దాన్ని సర్ది, ఆత్మీయం చేసి, మరణానంతరానికి నెట్టిన చర్చిలు కులం గురించి వేదిక మీద ఎంత మాట్లాడాయి? ఆస్తుల కేసులకి తిరిగినంతగా వాడ కేసులకి తిరిగాయా?

కాబట్టి పటం చింపి అగస్టీనుని చేతికివ్వటం మా ఉద్దేశం కాదు. వాక్యాన్ని మన భాషలో మళ్ళీ చదవమంటున్నాం.

ఎదుర్కోలు

ఎత్తబడే బోధకి ఆధారంగా చూపించేది ముఖ్యంగా మొదటి థెస్సలొనీక పత్రిక నాలుగో అధ్యాయం. ఆ మాటలు ఎవరికి రాశాడో ముందు చూడాలి. అవి తప్పించుకోవాలనుకునేవాళ్ళకి రాసినవి కావు. చచ్చిపోయిన తమవాళ్ళ సంగతేమిటని ఏడుస్తున్నవాళ్ళకి రాసినవి. అందుకే వరసలో మొదట లేచేది చనిపోయినవాళ్ళు. బతికున్నవాళ్ళు తర్వాత. అది శవం లేచిన ఇంట్లో చెప్పిన ఓదార్పు మాట.

ఇంక ఆ వాక్యంలో రెండు మాటలున్నాయి. కొనిపోబడటం ఒకటి, ఎదుర్కొనటం ఒకటి. ప్రసంగాలన్నీ మొదటిదాని మీదే. రెండోదానికి గ్రీకులో ఉన్న మాట 'అపాంతేసిస్'. రాజుగానీ అధికారిగానీ పట్నానికి వస్తుంటే జనం బయటికి ఎదురెళ్ళి వెంటబెట్టుకుని లోపలికి తేవటానికి ఆ మాట వాడేవాళ్ళు. పౌలు రోముకి వస్తున్నప్పుడు అక్కడి సహోదరులు సంతపేటదాకా ఎదురెళ్ళారని అపొస్తలుల కార్యాలు ఇరవై ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అక్కడా అదే మాట. ఎదురెళ్ళినవాళ్ళు పౌలుతో కలిసి రోముకే నడిచారు. పదిమంది కన్యకల ఉపమానంలోనూ అదే మాట. పెండ్లికుమారుడికి ఎదురెళ్ళినవాళ్ళు అతనితో పెండ్లింటికే వచ్చారు.

గ్రీకు దాకా పోకుండానే ఇది మనకి తెలిసుండాలి. తెలుగు బైబిలు వాడిన మాట మన పెళ్ళి మాట. పెళ్ళికొడుకు పొలిమేరకి వచ్చాడంటే ఆడపెళ్ళివాళ్ళు మేళంతో, పానకంతో ఎదురెళ్తారు. దాన్నే ఎదుర్కోలంటాం. ఎదుర్కోలుకి పోయినవాళ్ళు పెళ్ళికొడుకు బండెక్కి అటునించటే అతని ఊరికి వెళ్ళిపోయారని ఎవరైనా విన్నారా? అతన్ని తమ ఊళ్ళోకి తెస్తారు. ఊరివాళ్ళ ఎదుర్కోళ్ళలో ముందు నడిచి డప్పు కొట్టింది మనమే. మనకి ఈ సంగతి ఒకరు చెప్పాలా?

డార్బీ పక్షంవాళ్ళు దీనికి జవాబు చెప్తారు. ఎదురెళ్ళినవాళ్ళు వెనక్కి తిరుగుతారని ఆ వాక్యంలో రాసి లేదు కదా అంటారు. నిజమే, రాసి లేదు. పరలోకానికి వెళ్ళిపోతారని కూడా అక్కడ రాసి లేదు. ప్రభువుతో ఉంటారని మాత్రం ఉంది. ఎక్కడ ఉంటారో తెలుసుకోవాలంటే గ్రంథం చివరిదాకా చదవాలి. అక్కడ పట్నం పైనించి కిందికి దిగుతుంది. మనుషులు పైకి పోరు. దేవుడి కాపురం మనుషుల మధ్యకి వస్తుంది.

అలా చదివితే రాకడ మీద మన ఆశ పోదు. దిక్కు మారుతుంది. ఆయన వచ్చేది ఇక్కడికి. అయితే ఆయన వచ్చేసరికి ఇక్కడ వాడకి శ్మశానం ఉందా, చెరువులో నీళ్ళు తోడుకోనిస్తున్నారా, కూలి సరిగ్గా ఇస్తున్నారా అన్నవి విశ్వాసానికి బయటి సంగతులు కాకుండా పోతాయి. ఎవరైనా పెళ్ళికొడుకు వస్తున్నాడని తెలిస్తే వాకిలి ఊడుస్తారు, ఇల్లు కాలబెట్టుకోరు.

చుండూరువాళ్ళు చచ్చిపోయిన తమవాళ్ళని ఊరి చివర కనపడకుండా పూడ్చలేదు. అందరికీ కనపడేచోట పూడ్చి రక్తక్షేత్రం అన్నారు. విచారణ తమ ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని అక్కడికే తెప్పించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు దినం కోసం కనిపెట్టటం అంటే ఏంటో ఆ వాడకి ఎవరూ కర్ర పట్టుకుని చూపించనక్కర్లేదు. తీర్పు పైన ఎప్పుడో జరుగుతుందిలే అని వాళ్ళు ఊరుకోలేదు, నేల మీదికి రమ్మన్నారు. వచ్చిన తీర్పు నిలవకపోయినా అడగటం తప్పు కాలేదు.

పాస్టర్లకీ, యువజన సంఘాలకీ, సండే స్కూలు టీచర్లకీ మేం చెప్పేది ఒకటే. ఈసారి ఆ అధ్యాయం చదివేటప్పుడు పటం పక్కన పెట్టి చదవండి. ఎదుర్కొనటం అన్న మాటకి తెలుగులో ఇంకో అర్థం కూడా ఉందని పిల్లలకి చెప్పండి. ఎదురు నిలబడటం. ఇల్లు తాళమేసి ఉంటే అమ్మ ఎక్కడికీ ఎత్తబడలేదు, కూలికి పోయింది, పొద్దుగూకితే వస్తుంది, ఆ పొలం దగ్గరికి పోయి చూడండి అని చెప్పండి.