జీపు కింద రెండో బ్రేకు

అనంతపురం పల్లెల్లో పాత జీపు ఎక్కడ ఆగినా క్లీనరు ముందు రాయి కోసం వెతుకుతాడు. హ్యాండ్‌బ్రేక్ పట్టదని అందరి నమ్మకం. బాగోగులు చూస్తే అది బ్రహ్మాండంగా పడుతుందని నేనంటాను.

రెండో ప్రపంచ యుద్ధం కోసం పుట్టిన విల్లీస్ జీపును యుద్ధం అయ్యాక మహీంద్రా వాళ్లు మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. మా వైపు శనక్కాయ మూటలూ, పెళ్లివాళ్లూ దాంట్లోనే తిరిగారు. ఆ కాలపు బండ్లలో కాలిబ్రేకుకు నాలుగు చక్రాలకూ ఆయిల్ లైను ఒకటే. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. అందుకే హ్యాండ్‌బ్రేకును ఆయిల్‌తో సంబంధం లేకుండా పెట్టారు. పిడి లాగితే కేబుల్, కేబుల్ లాగితే లివరు, లివరు తిరిగితే లైనింగు డ్రమ్మును పట్టేస్తుంది. ఆ డ్రమ్ము చక్రంలో ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో ఉంటుంది. విల్లీస్ ఎంబీలో షాఫ్ట్ 4.88 చుట్లు తిరిగితే చక్రం తిరిగేది ఒక్క చుట్టే. కాబట్టి అక్కడి పట్టు చక్రాల దగ్గరికి దాదాపు ఐదింతలై చేరుతుంది. అంత చిన్న డ్రమ్ము మూటల బండిని చెరువుకట్ట ఎగుడులో నిలబెడుతుంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. అయితే కాలిబ్రేకు పోతే తప్ప, నడిచే బండిలో దాన్ని లాగకూడదు. దెబ్బంతా షాఫ్ట్ జాయింట్ల మీద పడుతుంది.

మరి పట్టనిదెందుకు? టౌన్లో ఒక షెడ్డులో పెద్దమేస్త్రి లైనింగు విప్పి, బొటనవేలితో రుద్ది చూపించాడు. నల్లటి జిడ్డు. "కేబుల్ ఎంత బిగిస్తే ఏమొస్తాది సార్, ముందు ఆయిల్ సీలు మార్చల్ల" అన్నాడు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక సీలు అరిగితే గేరాయిల్ నేరుగా డ్రమ్ములోకే దిగుతుంది. దానికి మన దుమ్ము తోడు. కేబుల్ తొడుగులో దూరి, గ్రీజుతో కలిసి గట్టిపడుతుంది. ఇక పిడి ఎంత లాగినా లివరు కదలదు.

రాయి తప్పనిసరైన చోటు ఒకటుంది. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేచిందంటే, షాఫ్ట్ బిగిసే ఉన్నా డిఫరెన్షియల్ ఊరుకోదు. గాల్లోని చక్రం ఒకవైపు, నేలమీది చక్రం ఇంకోవైపు తిరిగి బండి జారుతుంది. పంక్చరు వేసేవాళ్లు ఇది మరవకూడదు. ఫోర్‌వీల్ వేసి ఉంచితే ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి.

ఇప్పుడు పాత జీపులకు లక్షలు పోసి మెరిపిస్తున్నారు. పిడి మాత్రం చాలా బండ్లలో ఉత్తినే వేలాడుతోంది. నా లెక్కలో అది సగం బాగుచేసిన బండే. కొనేవాళ్లు బానెట్ ఎత్తే ముందు ఒకసారి కిందికి దూరి, ఆ డ్రమ్ము చుట్టూ ఆయిల్ తడి ఉందేమో తడిమి చూడండి.