మృదంగం ఆగిన చోట

పాట నేర్చుకునే పిల్లలు తొడ మీద తాళం వేసుకుంటూ పాడతారు. ఆది తాళం 8 అక్షరాలూ చేతికి అలవాటైపోతాయి. వయొలిన్ పిల్లలకు ఆ సౌకర్యం లేదు. ఒక చెయ్యి తీగల మీద, ఇంకోటి కమాను మీద. తాళాన్ని కాలికో మనసుకో అప్పగించాలి. అందుకే ఫోన్లో తంబురాతో పాటు రికార్డు చేసిన మృదంగం కూడా దొరకగానే మా పిల్లలు దాన్ని వదలడం లేదు.

తంబురా విషయంలో నాకు రెండో మాట లేదు. సాధకం మొదలు నుంచి చివరి దాకా మోగుతూనే ఉండాలి. వీణకు 24 మెట్లున్నాయి, వయొలిన్‌కు ఒక్కటీ లేదు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపశ్రుతే. మాయామాళవగౌళ సరళి వాయించేటప్పుడు గాంధారం మీద కమాను నిలిపి వినండి. శ్రుతి చేసిన తంబురాలో మంద్ర షడ్జం నుంచి అంతర గాంధారం తనంతట తానే పలుకుతుంది. వేలు సరైన చోట పడితే రెండూ ఒకటైపోతాయి. ఎంత మంచి గురువైనా రోజంతా పక్కన కూర్చుని ఆ చోటు చూపించలేడు.

మృదంగం సంగతి వేరు. 1950లో న్యూయార్క్‌లో పుట్టిన మ్యూజిక్ మైనస్ వన్ సంస్థ, ఒక వాద్యం తీసేసిన రికార్డులు తెచ్చింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో మిగతా వాద్యాలు ఏం వాయించాలో కాగితం మీద ముందే రాసి ఉంటుంది కాబట్టి అక్కడ అది బాగా అతుకుతుంది. మన మృదంగం అలా కాదు, పాటను విని పుడుతుంది. యాప్‌లో ప్రతి ఆవర్తనమూ ఒకటే. సమం మీద గట్టిగా దెబ్బ పడుతుంది, పిల్ల ఆ దెబ్బ విని పల్లవి ఎత్తుకుంటుంది, మెల్లగా లెక్క మానేస్తుంది. సమం దాటాక ఎత్తుకోవలసిన కీర్తన ఇచ్చామంటే తడబాటు అప్పుడు తెలుస్తుంది. కచేరీలో మృదంగ విద్వాంసుడు సంగతులతో పాటు పెరుగుతాడు, చరణంలో తగ్గుతాడు, ఒక్కోచోట పూర్తిగా ఆపేసి పాటను పాటకే వదిలేస్తాడు. తీర్మానం 3 సార్లు వేసేటప్పుడు దెబ్బలు అక్షరాల మీద పడవు, వాటికి అడ్డంగా నడుస్తాయి. అప్పుడు లయ వాయించేవాడి లోపలే ఉండాలి.

అలాగని యాప్ తీసెయ్యమని చెప్పను. వర్ణం రెండు కాలాలకూ వేగం కుదుటపడే దాకా పెట్టుకోమంటాను. ఆ తర్వాత 2 ఆవర్తనాలు మృదంగం శబ్దం తగ్గించి, వాయిస్తూనే ఉండి, మళ్లీ పెంచమంటాను. సమం కలిసిందా, ఆ రోజుకి యంత్రం పని అయిపోయినట్టే.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటుంది. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్, మృదంగం ఒకే కప్పు కింద నేర్పుతారు. మీ ఊళ్లో అలాంటిది లేకపోతే మృదంగం నేర్చుకుంటున్న పిల్లవాడు ఎక్కడున్నాడో కనుక్కోండి. వారానికి ఒక గంట ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఆ అబ్బాయికీ పాట వింటూ వాయించడం అక్కడే వస్తుంది.