త్రాసుకు అందని చక్రం

1980ల మధ్యలో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ ప్రాంతంలో కీత్ బాంట్రేగర్ ఒక చిత్రమైన పని చేసేవాడు. రోడ్డు సైకిళ్లకు వేసే ఫ్రెంచి మావిక్ రిమ్ములు తీసుకుని, ఒక ముక్క కోసేసి, మిగిలిన దాన్ని చిన్న వలయంగా వంచి కలిపి, మౌంటెన్ బైక్‌కి ఎక్కించేవాడు. అప్పట్లో కొండ సైకిల్‌కి దొరికే రిమ్ములు బరువువి. రోడ్డు రిమ్ము తేలిక, పైగా గట్టిది. గట్టిదనం, తేలిక, చవక అనే మూడింట్లో ఏవో రెండే దొరుకుతాయని చెప్పిన మనిషిగా సైకిల్ లోకం ఇప్పటికీ తలుచుకునేది ఆయన్నే. ఆ మూడింట్లో వెడల్పు ఊసే లేదు.

అంతకు ముందు తరానికి బరువు గురించి కూడా పట్టింపు లేదు. 1976 అక్టోబరులో మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్లేసుకుని మట్టి దారిలో పందెం దిగినప్పుడు ఆ బళ్లకు ఉన్నవి ఇనప రిమ్ములు, లావుపాటి టైర్లు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు వేడికి హబ్బులో గ్రీజు మాడి పొగలొచ్చేది. కిందికి చేరాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరేవాళ్లు. ఇవాళ ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉండే తెలుగు ఇంజనీర్లు శనివారం సైకిల్ కారుకు కట్టుకుని వెళ్లేది ఆ చుట్టుపక్కల కొండలకే.

అల్యూమినియం వచ్చింది, బరువు తగ్గింది, దాంతోపాటు రిమ్ము సన్నబడింది. 1990లలో పేరు మోసిన మావిక్ 517 రిమ్ముకి ఆ పేరులో ఉన్న 17 లోపలి వెడల్పే: పదిహేడు మిల్లీమీటర్లు. ఈ రోజుల్లో అదే తరహా సైకిల్‌కి 30 మి.మీ. మామూలు. సన్నటి రిమ్ము మీద రెండుంబావు అంగుళాల టైరు ఎక్కిస్తే అది బల్బు ఆకారం తీసుకుంటుంది: కింద సన్నం, పైన లావు. మలుపులో ఒరిగినప్పుడు టైరు పక్కగోడ మడత పడి, బండి కాళ్ల కింద జారిపోయినట్టుంటుంది. అలా కాకుండా ఉండాలంటే గాలి ఎక్కువ కొట్టాలి. గాలి ఎక్కువైతే టైరు రాయిని పట్టుకోదు, దాని మీంచి ఎగిరి పడుతుంది. నలభై పీఎస్‌ఐ కొట్టుకుని రాళ్ల మీద ఒళ్లు హూనం చేసుకున్న తరం అది.

రిమ్ము వెడల్పైతే టైరు పక్కగోడలు నిటారుగా నిలుస్తాయి. ఇరవై, ఇరవై రెండు పీఎస్‌ఐకి దించినా మలుపులో ఒరగవు. పట్టు పెరుగుతుంది. అసలు లాభం ఇదే.

అయితే మంచిదన్నాక హద్దు దాటకుండా ఉంటుందా? 2014లో ఐబిస్ కంపెనీ బయటి వెడల్పు 41 మి.మీ. ఉన్న కార్బన్ రిమ్ము తెచ్చింది. ఆ ఊపులో మరికొందరు ఇంకా వెడల్పుకు పోయారు. అంత వెడల్పు రిమ్ము మీద 2.3 టైరు వేస్తే దాని నడినెత్తి చదునైపోతుంది. ఒరిగినప్పుడు నేలను పట్టాల్సిన పక్క గుబ్బలు ముందే నేలకు తగిలి అరుగుతాయి. పైగా రిమ్ము అంచు టైరు నీడ దాటి బయటికొచ్చి రాళ్లకు ఎదురు నిలబడుతుంది. నాలుగైదేళ్లలో మార్కెట్ తనంతట తానే లోపలి వెడల్పు 30 దగ్గరికి వచ్చి ఆగింది. 2.4 నుంచి 2.6 టైర్లకు ముప్ఫై, పందెపు బళ్ల 2.2, 2.3 టైర్లకు ఇరవై ఐదు నుంచి ఇరవై ఎనిమిది. చక్రం కొనేవాళ్లు టైరు ముందు తేల్చుకుని రిమ్ము తర్వాత చూడాలని ఈ కాలమిస్టు పట్టుబట్టేది అందుకే. షాపుల్లో జరిగేది తలకిందులు. చక్రాన్ని త్రాసులో పెడతారు, అంకె చూస్తారు, కళ్లు మెరుస్తాయి.

ఆ అంకె సంగతి కాస్త లెక్క వేసి చూద్దాం. మనిషి, బండి కలిపి 85 కిలోలనుకోండి. రిమ్ముకి వంద గ్రాముల చొప్పున రెండు వందలు తగ్గించారు. రిమ్ము తిరిగే వస్తువు, పైగా బరువంతా అంచున ఉంటుంది కాబట్టి వేగం పెంచేటప్పుడు దాని బరువు దాదాపు రెట్టింపుగా లెక్కకొస్తుంది. అంటే నాలుగు వందల గ్రాములు, మొత్తంలో అర శాతం కూడా కాదు. ఒకే వేగంతో ఎత్తు ఎక్కుతుంటే ఆ రెట్టింపు కూడా ఉండదు, రెండు వందలు రెండు వందలే. సీసాలో నీళ్లు సగం తాగేసినా అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. తేలిక చక్రం చేతికి చురుగ్గా తగులుతుందన్నది నిజమే, హ్యాండిల్ తిప్పగానే తెలుస్తుంది. ఆ చురుకునే జనం వేగమనుకుని డబ్బు కడతారు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హ్యాడ్లీ ఫార్మ్ పందెం దీనికి మంచి సాక్ష్యం. స్విట్జర్లాండ్ నీనో షుర్టర్ 27.5 అంగుళాల చక్రాలతో, చెక్ వీరుడు యారొస్లావ్ కుల్హావీ 29 అంగుళాలతో దిగారు. పెద్ద చక్రం అంటే పెద్ద రిమ్ము, పొడుగు పుల్లలు (స్పోకులు), పెద్ద టైరు, ప్రతి చోటా అదనపు గ్రాములు. చివరి మలుపులో కుల్హావీ ముందుకొచ్చి ఒక్క సెకను తేడాతో బంగారం పట్టుకెళ్లాడు. నాలుగేళ్ల తర్వాత రియోలో షుర్టర్ గెలిచాడు, 29 అంగుళాల చక్రాల మీద.

ఇక మన్నిక. ఇక్కడే చెప్పుకోవాల్సింది ఎక్కువ, జనం అడిగేది తక్కువ. రిమ్ము గురించి అడిగినవాళ్లు పుల్లల గురించి అడగరు. జోబ్‌స్ట్ బ్రాంట్ 1981లో చక్రం మీద రాసిన పుస్తకంలో ఒక సంగతి లెక్కలతో చూపించాడు: బరువు పడినప్పుడు నేలకు దగ్గరున్న పుల్లల బిగువు సడలుతుంది, మిగతావాటిలో మార్పు చాలా తక్కువ. 29 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2.3 మీటర్లు పోతుంది. అంటే కిలోమీటరుకు నాలుగు వందల ముప్ఫై సార్లు దాకా ప్రతి పుల్లా సడలి బిగుస్తుంది. సరిగ్గా బిగించిన పుల్ల ఆ లాగుడు తట్టుకుంటుంది. ఢీలాగా ఉన్నది హబ్బు దగ్గరి వంపులో అలిసి తెగుతుంది. నడుం సన్నబరిచిన పుల్లలు, చివర్లు 2 మి.మీ., మధ్య 1.8 ఉండేవి, తేలిక మాత్రమే కాదు, మన్నేవి కూడా. సన్నటి నడుం కాస్త సాగి దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది, వంపు మీద భారం తగ్గుతుంది. తేలిక, మన్నిక ఒకదాన్నొకటి కొట్టుకోని చోటు చక్రం మొత్తంలో ఇదొక్కటే.

హైదరాబాద్‌లో పాతకాలపు మేస్త్రీ ఒకాయన బెండు తీసే పద్ధతి చూస్తే ఆ పుస్తకం చేతుల్లోకి దిగినట్టుంటుంది. స్టాండు ఉన్నా వాడడు. సైకిల్ తలకిందులు చేసి, బొటనవేలు ఫోర్కుకు ఆనించి, గోరు రిమ్ముకు ఒరుసుకునే చోటు పట్టుకుంటాడు. పుల్ల చివరి నిపుల్ పావు వంతు తిప్పుతాడు, ఎదురు పుల్లది పావు వంతు వదులుతాడు. ఆపైన పక్కపక్క పుల్లలు రెండేసి గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కుతాడు. టిక్కుటిక్కుమని చప్పుళ్లొస్తాయి, మెలి తిరిగిన పుల్లలు సర్దుకునే చప్పుళ్లవి. కొత్త రిమ్ము వేయించుకోవడానికొచ్చిన కుర్రాడితో ఓసారి ఆయన అన్న మాట: "రిమ్ము మార్చినా వంకర మళ్ల వస్తది బాబూ, ఎడమ దిక్కు పుల్లలు మొత్తం ఢీలా ఉన్నయి." వెనక చక్రంలో గేర్ల పళ్లచక్రాలు కుడివైపు చోటు ఆక్రమిస్తాయి కాబట్టి ఎడమ పుల్లలకు బిగువు ఎప్పుడూ తక్కువే. ట్రెక్, స్రామ్ కంపెనీలు కలిసి తెచ్చిన 148 మి.మీ. వెనక హబ్బు 142 కన్నా ఆరు మిల్లీమీటర్లు వెడల్పు చేసింది ఈ చక్రానికి పక్కబలం పెంచడానికే.

రిమ్ము దేనితో చేశారన్న సంగతికొస్తే, 2014లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ డౌన్‌హిల్ పందెంలో ఆరన్ గ్విన్ టైరు పోగొట్టుకుని, వట్టి రిమ్ము మీద ముగింపు గీత దాకా దిగాడు. టైరు పేలికలైంది గానీ చక్రం చుట్లు తిరుగుతూనే వచ్చింది. అల్యూమినియం సొట్ట పడుతుంది, స్క్రూ స్పానర్‌తో అంచు లాగి ఇంటికి చేరొచ్చు. కార్బన్ ఏళ్ల తరబడి వంకర లేకుండా తిరిగి, ఒకనాడు పగులుతుంది. జీవితకాల వారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి గానీ, వికారాబాద్ అనంతగిరి అడవిలో పగిలితే వారంటీ కాగితం తొక్కుకుంటూ రాలేం. కార్బన్ అంటే తేలికనుకోవడం కూడా పొరపాటే. 2019లో జిప్ కంపెనీ ఒకే పొర గోడతో, దెబ్బకు వంగేలా చేసిన త్రీజీరో మోటో చక్రాల జత 1900 గ్రాములు దాటింది, చాలా అల్యూమినియం జతలకన్నా బరువు. బరువు వదిలేసి సుఖం కొన్నారన్నమాట.

మన నేల మీద లెక్క ఇంకాస్త మారుతుంది. ఇక్కడ గ్రానైట్ బండలకు తోడు పల్లేరు కాయలు, తుమ్మముళ్లు ఉంటాయి. ట్యూబు తీసేసి రబ్బరు పాల సీలెంట్ పోసుకోవడం తప్పనిసరి. మే నెల ఎండకు అది త్వరగా ఎండిపోతుంది, మళ్లీ పోయాలి. రెండు వందల గ్రాములు ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టక తప్పదంటే, ఈ కాలమిస్టు వాటిని రిమ్ములో కాకుండా వెనక టైరు మందం మీద పెడతాడు. మనిషి బరువు వెనకే పడుతుంది, దెబ్బలూ వెనకే పడతాయి. రిమ్ముల్లోనూ అదే తీరు: ముందు 28 పుల్లల తేలిక రిమ్ము, వెనక 32 పుల్లల గట్టి రిమ్ము. జత కలవలేదని దుకాణంలో నవ్వినా నష్టం లేదు.

ఒక్క విషయం కొనేముందే తేల్చుకోవాలి: పుల్ల హబ్బు దగ్గర వంపు తిరిగిన మామూలు రకమా, కంపెనీ సొంత కొలతల నిటారు రకమా అని. రెండోది తెగితే బెంగళూరు నుంచో తైవాన్ నుంచో వచ్చేదాకా బండి గోడకు ఆనాల్సిందే. మొదటిదైతే ముందు, వెనక, కుడి, ఎడమ కలిపి మూడు నాలుగు పొడవులుంటాయి. చక్రం కట్టిన రోజే ఆ మిల్లీమీటర్లు రాయించుకుని, ఒక్కో పొడవులో నాలుగు పుల్లలు, నాలుగు నిపుళ్లు కొనుక్కుంటే బిల్లు మీద పడేది ఏ కొద్దో గొప్పో అంతే.