వెలుగు కథల్లో నల్లవాళ్లెవరు?

మా బడి నాటకాల్లో రాక్షసుడి వేషం ఎప్పుడూ మా మాదిగవాడ పిల్లలకే వచ్చేది. 'మీకైతే మసి ఖర్చు కూడా లేదురా' అని సారు నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం. వెలుగు చీకటిని గెలిచే కథల గురించి మాట్లాడాలంటే మేము అక్కణ్నించే మొదలుపెట్టాలి.

రాజమౌళి తీసిన 'బాహుబలి' మొదటి భాగం (2015) చూడండి. మాహిష్మతి మీదికి దండెత్తే కాలకేయులకు ఒళ్లంతా నలుపు పులిమారు. వాళ్లకోసం మదన్ కార్కి 'కిలికి' అని ఒక భాషే తయారుచేశారు. వ్యాకరణం ఇచ్చారు గానీ బతుకు ఇవ్వలేదు. ఆ భాషలో బెదిరింపులూ అరుపులే వినపడతాయి.

వాళ్లు బందీలను అడ్డుపెట్టుకున్న క్రూరులే, కాదనం. భల్లాలదేవుడూ క్రూరుడే. కానీ అతనికి అమ్మానాన్నలున్నారు, సింహాసనం మీద ఆశ ఉంది. అతని చెడు అతనొక్కడిది. కాలకేయుల చెడు జాతి మొత్తానిది, రంగుది. మా అభ్యంతరం ఇక్కడే.

కోట బయట కాలకేయుడు, కోట లోపల కట్టప్ప. తాతలిచ్చిన మాటకు పుట్టుకతోనే బానిస. అస్లం ఖాన్ విడిపిస్తానన్నా వద్దంటాడు. దాన్ని విశ్వాసమని మెచ్చుకోమంటారు. పుట్టుకతో అంటుకునే చాకిరీని నీతిగా చెప్పడం మనకు కొత్తా?

'కథే కదా, వదిలెయ్యండి' అంటారు. ఆ సినిమా తమిళ సంభాషణల్లో అరుంధతీయులను కించపరిచే మాట ఉందని 2015లో మదురైలో నిరసన లేచింది. ఆ సంభాషణలు రాసిన కార్కి క్షమాపణ చెప్పారు. కథలోని మాట బయట మనుషులకు తగులుతుంది.

ఇంకో దారి లేదా అంటే ఉంది. అమెరికా రచయిత్రి అర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' నవలలో మాంత్రికుడు గెడ్ చామనచాయ మనిషి. అతన్ని తరిమే చీకటి పరాయి జాతి కాదు, అతని నీడే. చివరికి దాన్ని చంపడు. తన పేరుతోనే పిలిచి తనలో కలుపుకుంటాడు.

మహాభారతంలో కాలకేయులంటే కాలక అనే తల్లి బిడ్డలు. అర్జునుడు వాళ్లను చంపిన సంగతి అందరికీ చెప్పారు, ఆ తల్లి సంగతి ఎవరూ చెప్పలేదు. ఇది చదివే టీచర్లను మేము ఒక్కటే అడుగుతున్నాం: రేపు బడిలో వేషాలు పంచేటప్పుడు పిల్లల రంగూ వాడా చూడకండి. రాక్షసుడి వేషం ఎవరికిచ్చినా, వాడికీ ఒక అమ్మ ఉందని ముందు చెప్పండి.