ప్రతినాయకుని పుట్టుపూర్వోత్తరములు

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలుడొకడు ఒకనాటి సాయంకాలము బడి విడిచిన పిమ్మట మమ్ము సమీపించి, “మాస్టారూ, జోకరుకు నాలుగు పుట్టుకథలున్నవి. వానిలో నిజమైనది ఏది?” అని అడిగెను. వాడడిగినది అమెరికా దేశపు బొమ్మల కథలలోని దుష్టపాత్రమును గూర్చి. ఆ పుస్తకములను మేము మొదట పిల్లల చేతులనుండి లాగికొనుటకును, తరువాత చదువుటకును పట్టినవారము. కావున ప్రశ్న మాకు బొత్తిగా తెలియనిది కాదు. ఐనను వెంటనే బదులు చెప్పలేక, “రావణునకెన్ని పుట్టుకలు?” అని వానినే తిరిగి అడిగితిమి. వాడు కొంతసేపాలోచించి, జయవిజయుల శాపకథను చెప్పెను. ఆ కథ వాల్మీకమున లేదనగా ఆశ్చర్యపడెను.

ఆశ్చర్యపడవలసినదేమియు లేదు. ప్రతినాయకుని పూర్వకథను మార్చుట మనకు క్రొత్త విద్య కాదు. పౌలస్త్యవంశమున బుట్టి తపోబలముచే గర్వించిన రాక్షసుని, భాగవతము వైకుంఠద్వారమున గావలియున్న భక్తునిగా జేసినది. భాసుడు ఊరుభంగమున తొడలు విరిగిన దుర్యోధనునికి గంభీరమైన మరణమునిచ్చెను. ప్రతిమానాటకమున కైకేయి మచ్చను కడిగెను. రసమునకు విరుద్ధమైన కథాభాగమును కవి విడువవచ్చుననియు, మార్చుకొనవచ్చుననియు ఆనందవర్ధనుడును ధనంజయుడును అనుజ్ఞ యిచ్చియే యున్నారు. తెనుగు తెఱపై 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో దుర్యోధనునికి గలిగిన వైభవమును మన పెద్దలందఱు నెఱుగుదురు. కావున మూలమును మార్చిరని కోపించువారితో మాకు పొత్తు లేదు.

కాని ఇందొక మెలకువ కలదు. భవభూతి మహావీరచరితమున, చాటునుండి వాలిని గొట్టిన రాముని మచ్చను మాపుటకై, రావణునితోడి చెలిమిచే వాలియే రామునిపైకి వచ్చినట్లు కల్పించెను. మచ్చ మాసినది. దానితోపాటు వాల్మీకమున నేలబడిన వాలి రాముని నడిగిన ప్రశ్నలును మాసిపోయినవి. రెండువేల యేండ్లుగా పండితులు సమాధానము చెప్పలేక తడబడుచున్న ఆ ప్రశ్నలే కిష్కింధాకాండమునకు ప్రాణమని మా యభిప్రాయము. కథను మార్చినప్పుడెల్ల ఎవరినో యొకరిని కడుగుదుము. ఎవరి నోరో యొకటి మూయబడును. మూయబడినది ఎవరి నోరని చూచుటయే విమర్శకుని పని.

జోకరు 1940వ సంవత్సరపు వసంతమున బాట్‌మన్ పేర వెలువడిన పుస్తకపు మొదటి సంచికలో బుట్టెను. బిల్ ఫింగర్, బాబ్ కేన్, జెర్రీ రాబిన్సన్ అను మువ్వురిలో మొదటి యూహ యెవరిదన్న తగవు వారి జీవితకాలమున తెగలేదు. ఆ సంచిక చివరనే వానిని చంపివేయదలచిరి, సంపాదకుడు బ్రతికించెను. ముఖము మాత్రము వేఱొకచోటినుండి వచ్చినది. విక్టర్ హ్యూగో 1869లో వ్రాసిన నవలను 1928లో చలనచిత్రముగా దీసిరి. అందు రాజుతో వైరము గల ప్రభువు కుమారుని, పసివానిని, దుండగుల కప్పగించి, నిత్యము నవ్వుచున్నట్లు నోటిని కోయింతురు. పెరిగి పెద్దవాడై సంతలలో జనమును నవ్వించి పొట్టపోసికొను నా సాధువు వేషమును కాన్రాడ్ ఫైట్ అను నటుడు ధరించెను. బొమ్మల కథవా రా నవ్వును గైకొని, దాని వెనుకనున్న దుఃఖమును విడిచిపెట్టిరి. ఆ ముఖమును జూచినప్పుడెల్ల, లోపల ఎవరో ఏడ్చుచున్నట్లు తోచుటకు ఇదియే కారణమేమో! తరువాతి వారు వ్రాసిన పూర్వకథలన్నియు పోయిన యా దుఃఖమును వెదకికొనుటయే యని చెప్పవచ్చును.

పదునొకండేండ్లు వానికి పుట్టుకయే లేదు. 1951లో, ఎఱ్ఱముసుగు ధరించిన దొంగయొకడు రసాయనపు మడుగులో దూకి తెల్లని ముఖముతో బయటపడెనని చెప్పిరి. అందు ముఖమునకు కారణము దొరకినదే కాని మనస్సునకు దొరకలేదు. దానిని 1988లో ఆలన్ మూర్ వ్రాయగా, బ్రయన్ బోలండ్ చిత్రించెను. జనమును నవ్వింపలేక కూటికి లేని హాస్యగాడొకడు, గర్భవతియైన భార్యకొఱకు ఒక్కమాఱు దొంగలకు దారి చూపుటకొప్పుకొనును. ఆ దినముననే భార్య ప్రమాదమున మరణించును. ఐనను దొంగలు వానిని విడువరు. ఎట్టి మంచివాడైనను ఒక్క చెడ్డదినము చాలును పిచ్చివాడగుటకు, అని జోకరు వాదము. ఆ వాదమును రుజువు చేయుటకై గార్డన్ అను రక్షకభటాధికారి కూతును తుపాకితో గొట్టి, ఆ వృద్ధుని చెప్పరాని బాధలకు లోనుచేయును. గార్డన్‌కు పిచ్చి పట్టదు. పట్టకపోవుటయే కాదు, వీనిని చట్టప్రకారమే పట్టుకొనవలెనని బాట్‌మన్‌కు చెప్పును. పైగా జోకరు, తన గతము తనకొక్కొక్కప్పుడొక్కొక్క విధముగా జ్ఞప్తికి వచ్చునని తానే యొప్పుకొనును. చూడుడు, ఎంత నేర్పు! పూర్వపక్షమును నిండుగా చెప్పనిచ్చి, కరుణను పూర్తిగా పొందనిచ్చి, సిద్ధాంతమును ఒక ముసలివాని నోట పెట్టినారు. పిల్లల పుస్తకమని చులకన చేయువారు దీనిని చదువవలెను. ఐతే పిల్లలకు మాత్రము ఈయదగినది కాదు.

చలనచిత్రములవారు ఈ కథను పలుమాఱులు కదిపిరి. 1989లో టిమ్ బర్టన్ తీసిన చిత్రమున జోకరునకు జాక్ నేపియర్ అను పేరు పెట్టి, బాలుడైన నాయకుని తల్లిదండ్రులను చంపినవాడు వీడేయనిరి. మూలమున చంపినవాడొక సామాన్యుడగు వీథిదొంగ. కొంతకాలము వానికి పేరు కూడ లేదు. 1948లో జో చిల్ అను పేరిచ్చిరి. ఈ మార్పువలన కథ బిగువెక్కినమాట నిజము. ఒకరినొకరు పుట్టించిన ఇద్దఱు శత్రువులు ఎదురెదురుగా నిలిచిరి; జాక్ నికల్సన్ నటన చూడముచ్చటగా నున్నది. కాని పేరులేని దొంగ చేతిలో తల్లిదండ్రులను గోల్పోయినవానికి నేరమే శత్రువు. వాని ప్రతిజ్ఞకు అంతము లేదు. వాని స్థాయి ఉత్సాహము. పేరుగల శత్రువు చేతిలో గోల్పోయినవానికి స్థాయి క్రోధము. శత్రువు మేడపైనుండి పడి చచ్చుటతో పని ముగిసినది. వీరము రౌద్రమైనది. 2007లో వచ్చిన మూడవ స్పైడర్‌మన్ చిత్రమున ఇట్టి ముడియే మఱొకటి వేసి, పినతండ్రిని చంపినది ఇసుకమనిషి యనిరి. అందు నాయకుడు తుదకు శత్రువును క్షమించును గాన ఫలము మేలు. ఐతే తాను పోనిచ్చిన దొంగయే తన పినతండ్రిని చంపెనను మూలకథలోని ముల్లు మొద్దువాఱినది. ఇంతకంటె ఆ చిత్రమును గూర్చి చెప్పుట యనవసరము.

2008లో క్రిస్టఫర్ నోలన్ మార్గమే వేఱు. ఆతడు పూర్వకథను తీసివేసెను. హీత్ లెడ్జర్ ధరించిన జోకరు తన నోటి గాయములకు కారణమును ఒకనికి త్రాగుబోతు తండ్రి యని చెప్పును. వేఱొకతెకు, అప్పులవారు భార్య ముఖమును కోయగా ఆమె యోదార్పునకై తానే కోసికొంటినని చెప్పును. మూడవమాఱు చెప్పబోవగా నాయకుడు విననొల్లడు. దీనజనుల కథలను, తాగుబోతు తండ్రిని, అప్పుల బాధను వాడు కత్తివలె వాడుచున్నాడు. ఆంగ్లము చదివినవారికిచట ఇయాగో జ్ఞప్తికి రాకమానడు. ఇటలీ దేశపు మూలకథలో ఆ దుష్టునకు డెస్డిమోనాపై మోహమను స్పష్టమైన కారణము కలదు. షేక్స్పియర్ దానిని సడలించి, వానిచేత రెండుమూడు కారణములు చెప్పించి, దేనిని మనము నమ్మకుండునట్లు చేసి, తుదకు వాని నోటికి తాళము వేసెను. కారణము దొరకని దౌష్ట్యము భయానకమునకు ఆలంబనము. ఆ చిత్రము విడుదలకు ముందే లెడ్జర్ మరణించుటయు, మరునాటి యేట ఆస్కారు బహుమానము ఆతని కుటుంబము పుచ్చుకొనుటయు లోకమెఱిగినదే.

ఇక 2019 నాటి చిత్రము. టాడ్ ఫిలిప్స్ తీయగా వాకీన్ ఫీనిక్స్ నటించినది. వెనిస్ నగరపు ఉత్సవమున స్వర్ణసింహమును గెలిచినది. నూఱు కోట్ల డాలర్లకు మించి వసూలు చేసినది. ఇందు రసాయనపు మడుగు లేదు. ఆర్థర్ ఫ్లెక్ అను పేదవాడు, మనోవ్యాధిగ్రస్తుడు, ముసలితల్లిని సాకుచు విదూషకవేషము వేసి బ్రతుకును. దుఃఖము కలిగినప్పుడు ఆపుకొనలేని నవ్వు వచ్చుట వాని వ్యాధి. హ్యూగో నవలలోని దుఃఖము తిరిగి ఈ నవ్వులోనికి వచ్చి చేరినది. ఎనుబదియేండ్ల తరువాత ముఖమును దుఃఖమును కలిసినవి. నగరమువారు సొమ్ము లేదని చికిత్సాలయమును మూయుదురు, మందులు నిలిచిపోవును. పసితనమున వాడు పడిన హింస పాత కాగితములలో బయటపడును. ప్రభుత్వము కోసివేసిన నాలుగు డబ్బులకు నగరము చెల్లించిన మూల్యమెంతయో చూపిన ఆ ఘట్టములను మేము మనసార మెచ్చుకొనుచున్నాము. సంస్కారము కోరువారు పదేపదే ఉపన్యాసములలో చెప్పి విసిగినదానిని ఫీనిక్స్ తన యెముకలు తేలిన వీపుతో చెప్పినాడు.

ఐతే ఈ చిత్రము మూర్ పుస్తకమునుండి పూర్వపక్షమును మాత్రము తెచ్చుకొని సిద్ధాంతమును అచటనే విడిచి వచ్చినది. గార్డన్ వంటివాడు ఇందు లేడు. ఆర్థర్ చేత జచ్చినవారు చాలవఱకు చావదగినవారుగనే చిత్రింపబడిరి: రైలులో వానిని తన్నిన ధనికయువకులు, ద్రోహము చేసిన తోడి విదూషకుడు, నలుగురిలో వెక్కిరించిన ప్రదర్శకుడు. ప్రేక్షకుని కరుణకు ఎక్కడను అడ్డము రాకుండ దారి శుభ్రము చేసినారు. ఇందువలన రెండు కీడులు కలిగినవి. మొదటిది, మనోవ్యాధిగ్రస్తులు హంతకులగుదురను అపోహ బలపడుట. వారు హింస చేయుటకంటె హింసకు గుఱియగుటయే యెక్కువయని వైద్యులు చెప్పుచున్నారు. రెండవదానిని చెప్పుటకు మా సంగతి యొకటి చెప్పవలసియున్నది.

కొన్నియేండ్ల క్రిందట మేము పనిచేసిన యొక బడిలో పెద్ద బాలుడొకడు చిన్నవానిని కొట్టి చేయి విఱిచెను. విచారణ మా పాలబడినది. కొట్టినవాని యింటికి బోయితిమి. తండ్రి లేడు, తల్లి కూలికి పోవును, ఇంట రెండుపూటలు పొయ్యి వెలుగదు. ఇవన్నియు కనికరము కలుగునట్లు వ్రాసితిమి. వ్రాసినదంతయు సత్యమే. వానిని బడినుండి వెళ్లగొట్టలేదు. అందుకు మేము నేటికిని విచారింపము. కాని దెబ్బతిన్నవాని యింటికి మేము పోలేదు. వాడు మెడకు కట్టిన గుడ్డలో చేయి పెట్టుకొని రెండుదినములు మా గది గుమ్మమువద్ద నిలిచి పోయెను. ఏమి కావలెనని మేమడుగలేదు, వాడు చెప్పలేదు. సంవత్సరాంతమున వేఱొక యూరి బడిలో చేరెనని తెలిసినది.

ఆ చిత్రమున గ్యారీ యను పొట్టివాడొకడు కలడు. ఆర్థర్ తన గదిలో తోడి విదూషకుని చంపునప్పుడు వాడు మూలనొదిగి వణకుచుండును. తనయెడ మంచిగా నున్నవాడు గ్యారీ యొక్కడే యని చెప్పి ఆర్థర్ వానిని పోనిచ్చును. తలుపు గొళ్లెము వానికందదు. హంతకునే తీయుమని బ్రతిమాలుకొనవలెను. ఆ చోట జనము నవ్వెదరు. నవ్వునట్లే తీసినారు. వాడు బయటికి పోయిన తరువాత ఏమాయెనని ఆ చిత్రమడుగలేదు, చూచినవారిలోనెంతమంది యడిగిరో!

2024లో వారే తీసిన రెండవ చిత్రమునకు తొలి చిత్రపు వసూలులో సుమారు ఐదవవంతే వచ్చినది. పాటలు పెట్టిరని కొందఱును, జోకరు లేనేలేడని ఆర్థర్‌చేత న్యాయస్థానమున చెప్పించి తమ వీరుని తమకు కాకుండ చేసిరని కొందఱును కోపించిరి. చిత్రము సాగదీతగా నున్నమాట మేమును కాదనము. పాటలలో సగము తీసివేసినను కథకు లోటు లేదు. కాని అందు గ్యారీ సాక్ష్యము చెప్పుటకు వచ్చును. విదూషకవేషముతో, తెచ్చిపెట్టుకొన్న యాసతో తన వకాల్తా తానే నడుపుకొనుచున్న ఆర్థర్ వానిని వెక్కిరింతగా ప్రశ్నించును. ఆనాటినుండి తనకు నెమ్మది లేదనియు, భయము విడువలేదనియు గ్యారీ చెప్పును. తన్ను ఎన్నడును పరిహసింపనివాడవు నీవొక్కడవే గదా యని దుఃఖించును. ఆర్థర్ ముఖమున రంగు క్రిందనున్న మనిషి ఒక్క క్షణము కనబడును. ఐదేండ్లు ఆలస్యముగా వచ్చిన సిద్ధాంతమిది. తొలి చిత్రమునకు విరగబడి పోయిన జనమిది చూడకపోవుట మాకు కష్టము కలిగించినది.

మా విద్యార్థి మఱునాడును వచ్చెను. నాలుగు కథలలో నిజమైనది యేదో తేల్చి చెప్పలేమని యొప్పుకొంటిమి. రెండవ చిత్రమును చూచితివా యని యడుగగా, బాగులేదని అందఱు చెప్పుటచే చూడలేదనెను. పెద్దవాడవైన పిమ్మట చూడుము, పాటలు వచ్చినప్పుడు లేచిపోయినను సరే, పొట్టివాడు సాక్ష్యపు బోనులో కూర్చుండునప్పటికి తిరిగి రమ్మని చెప్పి పంపితిమి.